అంకితము చెరిపిన వచనము

ఒక గ్రామమున బసవ జయంతి సభ జరుగుచున్నదని ఊహింపవచ్చును. కళాశాలలో చదువుచున్న యువకుడొకడు వేదిక నెక్కి కాయకధర్మమును గురించి చక్కగా ప్రసంగించెను. పెద్దలు మెచ్చుకొనిరి. మఠాధిపతులు శాలువ కప్పి ఆశీర్వదించిరి. ఇల్లు చేరిన పిదప తాతగారు మనుమని దగ్గరకు పిలిచి, "నాయనా, ఇంత మంచి మాటలు ఎక్కడ నేర్చితివి?" అని అడిగిరి. యువకుడు దాపరికము లేక, "అంతర్జాలములో నున్నవి, తాతా! సెల్‌ఫోనులోనికి దించుకొని చదివితిని. ఎవరు వ్రాసిరో చూడలేదు. అయినను శరణుల మాటలు అందరివి కావా?" అని బదులు చెప్పెను.

తాతగారు వెంటనే ఏమియు పలుకలేదు. మనుమని మాటలో సగము సత్యమున్నది, సగము దోషమున్నది. శరణుల మాటలు అందరివి యనుట సత్యము. ఎవరు వ్రాసిరో చూడలేదనుట దోషము. ఈ రెండింటి నడుమనున్న గీతను గుర్తించుట నేడు ప్రతి లింగాయత కుటుంబమునకును, ప్రతి మఠమునకును కర్తవ్యమైనది. పూర్వము ఒక తాళపత్ర గ్రంథమునకు నకలు తీయుటకు నెలలు పట్టెడిది. నేడు వేలితో తాకిన చాలును. ఒక పుట కాదు, ఒక గ్రంథాలయమే చేతిలోనికి వచ్చి పడును. శ్రమ లేక వచ్చిన వస్తువు ఎవరి శ్రమఫలమో అడుగవలెనను తలంపు కూడ మనుజునకు కలుగకుండుట సహజము. సహజమైనంత మాత్రమున అది ధర్మము కాజాలదు.

మొదట చట్టమేమి చెప్పుచున్నదో తెలిసికొనుట మంచిది. తెలుగు పుస్తకముల తొలి పుటలలో సర్వస్వామ్యములు గ్రంథకర్తవి యను మాట తరచుగా కనుపించును. భారతదేశమున ఈ మాటకు ఆధారము 1957 నాటి కాపీరైటు చట్టము. రచయిత జీవించియున్నంత కాలమును, ఆయన మరణించిన మరుసటి సంవత్సరము మొదలుకొని 60 సంవత్సరములును ఈ హక్కు నిలిచియుండును. మొదట ఇది 50 సంవత్సరములే. విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు 1941లో మరణించుటచే ఆయన రచనలపై హక్కు 1991తో తీరిపోవు సమయము వచ్చినది. అప్పుడు 1992లో చట్టమును సవరించి మరి 10 సంవత్సరములు చేర్చిరి. ఈ హక్కు కలుగుటకు రిజిస్ట్రేషను అవసరము లేదు. రచనతోపాటే హక్కును పుట్టును. అంతర్జాలమున వెల లేక దొరకుచున్నంత మాత్రమున అది నశింపదు. కళ్ళములో ఆరబోసిన ధాన్యమునకు తలుపు లేదు గనుక దానికి యజమాని లేడని ఏ రైతును అనడు.

అట్లని చట్టము విద్యకు అడ్డుగోడ కట్టలేదు. సొంత పఠనమునకు, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు న్యాయమైనంత మేర ఇతరుల రచనను వాడుకొనవచ్చునని అదే చట్టము అనుమతించినది. భావము ఎవరి సొత్తును కాదనియు, ఆ భావమును చెప్పిన తీరునకే రక్షణ కలదనియు సుప్రీంకోర్టు 1978లో ఒక నాటకమునకు సంబంధించిన వ్యాజ్యమున స్పష్టము చేసెను. విద్యార్థులకు పాఠ్యభాగములను జిరాక్సు తీసి ఇచ్చుట నేరము కాదని ఢిల్లీ హైకోర్టు 2016లో తీర్పు చెప్పెను. కావున చట్టమును సాకుగా చూపి జ్ఞానమును దాచువారును, చట్టమును త్రోసిపుచ్చి జ్ఞానమును దోచువారును ఇరువురును దాని ఆశయమును గ్రహింపనివారే.

ఇక్కడ రెండు దోషములను వేరుపరచి చూడవలెను. ఒకటి అనుమతి లేక ఇతరుల రచనను అచ్చువేయుట. రెండవది ఇతరుల రచనను తనదని చెప్పుకొనుట. జీవించియున్న పండితుని గ్రంథమునంతను ఆయన పేరుతోనే, ఆయన నడుగకయే అచ్చువేసి పంచినవాడు చట్టము నతిక్రమించినవాడు. కాని కృతిచోరుడు కాడు. పన్నెండవ శతాబ్దపు వచనమును తన పేర ప్రకటించుకొనినవాడు కాపీరైటు చట్టమునకు చిక్కడు, ఏలయన ఆ వచనములపై ఏ గడువును మిగిలి లేదు. కాని అతడు నిస్సందేహముగా చోరుడు. మొదటిది రచయిత జీవనోపాధికి చేయు హాని. రెండవది సత్యమునకే చేయు హాని. చట్టము మొదటిదానిని కొంతకాలము కావలి కాయును. రెండవదానికి కావలి కాయవలసినది మనుజుని మనస్సాక్షి.

ఈ విచక్షణ పాశ్చాత్యుల నుండి నేర్చినది కాదు. బాణభట్టు హర్షచరిత్ర ఆరంభముననే కవిచోరుని ప్రస్తావించెను. రాజశేఖరుడు కావ్యమీమాంసలో పరుల శబ్దమును హరించుట, పరుల అర్థమును హరించుట అను విషయములను అధ్యాయములకొలది చర్చించెను. తెలుగు కవులు కావ్యావతారికలలో కుకవినింద చేయుట అందరెరిగినదే. అయితే వీరశైవ వాఙ్మయము ఈ విషయమున మరియొక అడుగు ముందునకు వేసినది. ఆ అడుగు పేరే అంకితము.

తెలుగున అంకితమనగా కృతిని ఒకరికి సమర్పించుట. వచన వాఙ్మయమున అంకితమనగా వచనము చివర నిలుచు దైవనామము. దీనినే ముద్రిక యనియు అందురు. బసవన్నగారి వచనమునకు కూడలసంగమదేవుడు, అక్కమహాదేవి వచనమునకు చెన్నమల్లికార్జునుడు, అల్లమప్రభువు వచనమునకు గుహేశ్వరుడు, సిద్ధరాముని వచనమునకు కపిలసిద్ధమల్లికార్జునుడు, జేడర దాసిమయ్య వచనమునకు రామనాథుడు గురుతులు. ఇందు గమనింపదగిన విశేషము కలదు. ఏ శరణుడును సామాన్యముగా తన పేరును ముద్రగా పెట్టుకొనలేదు. తన ఇష్టదైవము పేరును పెట్టెను. నేను చెప్పితినను అహంకారమును విడిచెను. కాని చెప్పిన మాటకు బాధ్యతను విడువలేదు. దేవుని పేరు నుచ్చరించి పలికిన మాట సాక్షి నెదుట నిలిపి పలికిన మాట వంటిది. కావున అంకితము అలంకారము కాదు, సాక్ష్యము.

ఒక్క అక్షరములో ఎంత సాక్ష్యమున్నదో చూడవలెనన్న చెన్నబసవన్నగారి ముద్రికను చూడవచ్చును. ఆయన ముద్రిక కూడలచెన్నసంగమదేవుడు. నకలు తీయువాడు అజాగ్రత్తచే "చెన్న" యను రెండక్షరములను విడిచిన మేనల్లుని వచనము మేనమామ వచనమైపోవును. ఎవరి అనుభవము ఎవరిదో తెలియకపోవును. ఎనిమిది వందల యేండ్లకు పైబడి ఈ వాఙ్మయము చెల్లాచెదరు గాక నిలిచినదన్న దానికి ఆ చివరి పదములే కారణము. కల్యాణ విప్లవానంతరము శరణులు వచనముల కట్టలను మోసికొని ఉళివికి నడచిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ కట్టలను తరతరములుగా నకలు తీసిన లేఖకులు గ్రంథాంతమున తమ పేరును వ్రాసికొనిరి. తప్పులున్న మన్నింపుడని వేడుకొనిరి. గ్రంథకర్త స్థానమున మాత్రము తమ పేరును వ్రాసికొనలేదు. కావున నకలు తీయుట ఎన్నడును పాపము కాదు, అది పుణ్యకార్యమే. పేరు చెరుపుటయే పాపము.

పదునైదవ శతాబ్దమున శివగణప్రసాది మహాదేవయ్య శూన్యసంపాదనమును కూర్చెను. అటుపిమ్మట హలగెయార్యుడు, గుమ్మళాపుర సిద్ధలింగయతి, గూళూరు సిద్ధవీరణ్ణార్యుడు దానిని మరల మరల విస్తరించిరి. అనుభవమంటప సంవాదముగా ఆ గ్రంథమును నడిపించిన ప్రతిభ వారిది. అయినను అందలి వచనములు ఎవరి ముద్రికతో వారివిగానే నిలిచినవి. ఇతరుల మాటలతో గొప్ప గ్రంథమును నిర్మింపవచ్చుననుటకును, అట్లు నిర్మించినను ఎవరి సొమ్ము వారికే చెందియుండవచ్చుననుటకును ఇంతకు మించిన నిదర్శనము లేదు. తెలుగున పాల్కురికి సోమనాథుడు రచించిన ద్విపద బసవపురాణమును భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చెను. పిడుపర్తి సోమనాథుడు దానినే తెలుగు పద్యప్రబంధముగా మలచెను. భాష మారినది, ఛందస్సు మారినది. మూలకవి పేరు మాత్రము మరుగుపడలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపము రాకమానదు. వీరశైవము దాసోహధర్మము గదా, సమస్తమును శివార్పణమే యనునప్పుడు నాది నీది యను భేదమెక్కడిది, రచనకు యజమాని యేమిటి యని కొందరడుగుదురు. ఆక్షేపము బలమైనదే. బసవన్నగారి ఆవులను దొంగలు తోలుకొనిపోగా, దూడలు లేనిచో ఆవులు వగచును, వానిని కూడ పంపుడని ఆయన చెప్పెనను కథ లోకమున ప్రచారములో నున్నది. అంతటి ఔదార్యము గల గురువు అనుయాయులు హక్కులను గురించి మాటలాడుట తగునా?

సమాధానము బసవన్నగారి జీవితముననే కలదు. ఆయన బిజ్జలుని కొలువున భాండారము చూచినవాడు. రాజు ధనమును జంగమార్చనకు వెచ్చించుచున్నాడని పిర్యాదు రాగా, లెక్క చూచునప్పటికి ఒక్క మాడయు తగ్గలేదని బసవపురాణ గాథ. తన ఆవులను దొంగలకు విడిచిన చేయియే పరుల ధనమునకు తుది కాసు వరకు లెక్క చెప్పినది. తనది విడుచుట దాసోహము. పరులది విడుచుటకు ఎవరికిని అధికారము లేదు. ఇచ్చువాని ఔదార్యము తీసికొనువానికి హక్కుగా మారదు. తన పేరును తానే వదలుకొనుట వైరాగ్యము. ఎదుటివాని పేరును తుడుచుట చౌర్యము. బసవన్నగారు బోధించిన ఏడు నిషేధములలో దొంగతనము మొట్టమొదట నిలుచుట యాదృచ్ఛికమని తలంపరాదు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతము దీనినే మరియొక విధముగా బోధించుచున్నది. మారయ్య కల్యాణమున రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము నడిపెడివాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. లక్కమ్మ ఆ అధికమును తిరిగి అచ్చటనే పోసి రమ్మని భర్తకు చెప్పెను. ఏరుకొనుట తప్పని ఆమె అనలేదు. రాలిన గింజ ఏరుటయే ఆ దంపతుల కాయకము. ఎంత కావలెనో అంతకు మించుట తప్పనెను. పూర్వుల గ్రంథముల నుండి గింజలేరుకొని వ్యాసము వ్రాయు ప్రతివానికిని ఈ తల్లి మాట వర్తించును. ఏరుకొనవచ్చును. తాను పండించితినని చెప్పరాదు. అవసరమునకు మించిన గంపను ఎత్తుకొని రారాదు.

వచనములకు యజమాని లేడని చెప్పుట తేలిక. కాని ఆ వచనము నేటి పాఠకుని చేతికి చేరువరకు ఎందరి కాయకము అందు చేరినదో తలంపవలెను. విజయపురమున న్యాయవాదిగా నున్న ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు ఊరూర తిరిగి తాళపత్రములను సేకరించి, 1923లో వచనశాస్త్రసారము మొదటి భాగమును ప్రకటించిరి. ముద్రణాలయము నెలకొల్పుటకు ఉన్న ఇంటిని అమ్ముకొనిరి. ఆయన 1964లో లింగైక్యులైరి. చట్టము ప్రకారము ఆయన రచనలపై హక్కు 2024 డిసెంబరు 31తో ముగిసినది. 2025 జనవరి 1 నుండి ఎవరైనను ఆయన పీఠికలను, వ్యాఖ్యలను అచ్చువేసికొనవచ్చును. తెలుగున 1926 నాటి బసవపురాణ ముద్రణమునకు విస్తృతమైన పీఠిక సంతరించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో మరణించిరి. ఆ హక్కు 2010తో తీరినది. చట్టము తలుపు తెరచినది. అయితే ఆ మహనీయుల పేరు తొలగించి వారి పీఠికను వాడుకొనుటకు ధర్మము కూడ తలుపు తెరచినదా? ఋణము తీర్చు గడువు ముగిసినంత మాత్రమున ఋణమిచ్చినవాని పేరు మరచువాడు కృతజ్ఞుడనిపించుకొనడు.

అనువాదకుల విషయమున ఇంకను జాగ్రత్త అవసరము. వచనము పన్నెండవ శతాబ్దముది గనుక దాని అనువాదము కూడ అందరిదే యని పలువురు పొరబడుదురు. అనువాదము అనువాదకుని స్వతంత్ర కృషి. ఎ.కె. రామానుజన్‌గారు 1973లో ప్రకటించిన ఆంగ్లానువాదములు దేశదేశములకు వచనములను పరిచయము చేసినవి. ఆయన 1993లో మరణించిరి. భారతీయ చట్టము ప్రకారము ఆ అనువాదములపై హక్కు 2053 చివరివరకు నిలిచియుండును. అయినను ఆయన పేరు లేకయే ఆ పంక్తులు చిత్రపటములపైకి ఎక్కి సంచరించుట కలదు. తెలుగు అనువాదకులకును ఇదే గతి పట్టినచో రేపు అనువదించుటకు ముందుకు వచ్చువారెవరు?

చట్టమునందు కూడ అంకితధర్మమునకు దగ్గరైన నియమమొకటి కలదు. 57వ సెక్షను ప్రకారము రచయిత తన హక్కులను ధనమునకు అమ్మివేసిన తరువాత కూడ ఆ రచన తనదేయని చెప్పుకొను హక్కు ఆయనకే యుండును. తన గౌరవమునకు భంగము కలుగునట్లు దానిని వికృతము చేయుటను అడ్డగింపవచ్చును. ధనము చేతులు మారినను కర్తృత్వము చేతులు మారదని ఆధునిక న్యాయశాస్త్రము ఒప్పుకొనినది. విశ్వవిద్యాలయములును మేల్కొన్నవి. యు.జి.సి. 2018లో చేసిన నియమముల ప్రకారము పరిశోధన వ్యాసమున ఇతరుల రచనతో సామ్యము నూటికి 10 వంతులు దాటిన మరల వ్రాసి సమర్పింపవలెను. 60 వంతులు దాటిన ఆ పరిశోధకుని నమోదే రద్దగును. యంత్రము సామ్యమును లెక్కింపగలదు. కాని అంతరంగమున నూటికి పది పాళ్ళ దొంగతనమునకు అనుమతి యున్నదని ఏ శరణుడును అంగీకరింపడు.

ఇంతవరకు చెప్పినది పరుల మాటను తనదనుట. అంతర్జాల యుగమున దీనికి మించిన ప్రమాదము దీని విలోమము. అది తన మాటను శరణుల మాటయని చెప్పుట. ఉదయము లేచినది మొదలు వాట్సాప్‌లో బసవన్నగారి బొమ్మ ప్రక్కన ఏదో ఒక సూక్తి చేరి ఇంటింటికి వచ్చుచుండును. అందు అంకితముండదు, సంకలనము పేరుండదు, అనువాదకుని పేరుండదు. కొన్ని సూక్తులు ఏ సంకలనమునందును కానరావు. ఇప్పుడు కృత్రిమమేధ యంత్రములు వచ్చినవి. అడిగినదే తడవుగా అవి బసవన్నగారి ధోరణిలో పది వచనములను అల్లి, ప్రతిదాని చివర కూడలసంగమదేవ యని చేర్చి ఇయ్యగలవు. భాష సరిగా నుండవచ్చును, భావము కూడ మంచిదే కావచ్చును. కాని అంకితము సాక్ష్యమైనప్పుడు, అనుభవించినవాడెవడును లేని మాటకు దేవుని పేరు చేర్చుట కూటసాక్ష్యము కాక మరేమగును? ఒక తరము ఈ కల్తీని గమనింపకుండ పంచుకొన్నచో తరువాతి తరమునకు ఏది శరణవాక్కో ఏది కాదో తేల్చుకొను మార్గమే మూసికొనిపోవును. బియ్యములో కలిసిన తెల్లరాళ్ళను చీకటిలో ఏరుట ఎవరితరము?

మంచి ఉద్దేశముతో చేసిన మార్పు కూడ ఎంత కలతకు దారితీయునో సమాజము చూచియున్నది. 1990ల దశకమున వెలువడిన ఒక బసవవచన సంకలనమున కూడలసంగమదేవ యను ముద్రికకు బదులు లింగదేవ యను పదమును ముద్రించిరి. మార్చినవారు తమ విశ్వాసమును బట్టియే మార్చిరి. 1998లో కర్ణాటక ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. 2017లో సుప్రీంకోర్టు ఆ నిషేధమును త్రోసివేయుటకు నిరాకరించెను. ఆ వివాదము కాపీరైటు చట్టము క్రింద నడచినది కాదు. భక్తుల మతభావములకు కలిగిన గాయమును గురించి నడచినది. గ్రంథమును నిషేధించుట మేలా కాదా యను విషయమున విజ్ఞులు భిన్నాభిప్రాయములు కలిగియుండవచ్చును. ఒక్కటి మాత్రము అందరును గ్రహింపదగియున్నది. విశ్వాసమెంత గొప్పదైనను తన విశ్వాసమునకు తానే వచనము వ్రాసికొని తన ముద్రికను పెట్టుకొనవలెను. మరియొకరి ముద్రికను మార్చుటకు భక్తి కూడ అధికారమియ్యదు.

ఆచరణమున ఇది కష్టసాధ్యము కాదు. మఠములు ప్రకటించు సంచికలలో ప్రతి వచనముతోను అంకితమును, వచనకారుని పేరును, గ్రహించిన సంకలనము పేరును, అనువాదకుని పేరును అచ్చువేయవలెను. జీవించియున్న రచయిత వ్యాసమును పునర్ముద్రింపదలచినచో ఒక జాబు వ్రాసి అనుమతి కోరవలెను. చాలమంది సంతోషముగా ఇత్తురు. పేరు తెలియనిచో తెలియలేదని వ్రాయుటకు సిగ్గుపడనక్కరలేదు. పొరపాటు జరిగినచో తరువాతి సంచికలో సవరణ ప్రకటింపవలెను. సెల్‌ఫోనులో వచ్చిన సూక్తిని పదిమందికి పంపుటకు ముందు ఇది ఎవరిదని ఒక్క క్షణమాగి అడుగుట ఇంటింట అలవాటు కావలెను. లింగధారణ చేసిన చేయి పంపుచున్న మాట అది యని జ్ఞాపకముంచుకొన్న చాలును.

ఇక ఆ తాతగారు మనుమనికి ఏమి చెప్పవలెను? గద్దింప నవసరము లేదు. "నాయనా, శరణుల మాటలు అందరివియే. కాని వారు మాటనిచ్చునప్పుడు ముద్రికతో ఇచ్చిరి. నీవును ముద్రికతోనే ఇతరులకు అందింపుము. నేడు నీవు చదివిన వ్యాసము వెనుక ఎవరో ఒకరు రాత్రులు మేల్కొని కష్టపడియుందురు. శాలువ నీ భుజముపైనున్నది, ఆ కష్టజీవి పేరు మాత్రము సభలో వినబడలేదు" అన్న చాలును. యువకుడు సెల్‌ఫోను తెరచి ఆ వ్యాసకర్త పేరు వెదకును. దొరకిన, మరునాడు మఠమునకు పోయి స్వాములవారితో చెప్పును. రానున్న సభలో ప్రసంగమునకు ముందు ఆ పేరును పలుకును. అతని ప్రసంగమునకు అందువలన వచ్చు లోటేమియు లేదు. తనది కాని మాటను తనది కాదని సభలో చెప్పుట కూడ ఒక కాయకమే, ఒక దాసోహమే.

శరణు శరణార్థి.